ఆల్టో వినిపించే డబ్బా

ఆ పరికరం నా చేతికొచ్చిన మొదటి వారంలో దాన్ని చూసిన ప్రతివాళ్ళూ పవర్ బ్యాంక్ అనుకున్నారు. ఆఫీసు గేటు దగ్గర బ్యాగులు చూసే సెక్యూరిటీ ఆయన అనుకున్నాడు. మణికొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసిన పై అంతస్తు ఆవిడ అనుకుంది. "ఒక్క పది నిమిషాలు ఇస్తారా అండీ, నా ఫోను చచ్చిపోయింది" అంటూ కేబుల్ కూడా బయటికి తీసింది. మా ఆయనకు మాత్రం అదేమిటో తెలుసు. తెలిసే దానికి డబ్బా అని పేరు పెట్టాడు. డబ్బా ఎక్కడుంది, డబ్బాకు చార్జింగ్ పెట్టావా అని అడిగితే చాలా రోజులు నేను జవాబు చెప్పేదాన్ని కాదు. తర్వాత ఆ పేరు నా నోటికీ అంటుకుంది, అది వేరే సంగతి.

అది పాటలు వినే పరికరం. సిమ్ ఉండదు, కెమెరా ఉండదు. రికార్డింగ్ గదిలో మైకు ఎంత వివరంగా పట్టిందో అంత వివరాన్నీ, ఏమీ కుదించకుండా, చెవిలో పోయడం ఒక్కటే దాని పని. అరచేతిలో ఇమిడే లోహపు దిమ్మ. కుడి పక్కన గళ్ళు చెక్కిన చిన్న చక్రం. దాన్ని బొటనవేలితో తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటూ సౌండు పెరుగుతుంది. ఆ టిక్కు వేలికి తెలుస్తుంది గానీ చెవికి వినబడదు. కింద ఇయర్‌ఫోన్లకు రెండు రంధ్రాలు, ఒకటి సన్నది, ఒకటి లావుది. పాత టేప్‌రికార్డర్ తర్వాత, సంగీతం కోసమే తయారైన ఒక వస్తువును నేను చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి.

దాన్ని కొనడానికి వెళ్ళినరోజు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. దుకాణంలో అతను ప్రతి మాటా మా ఆయనతోనే చెప్పాడు. "సార్, సౌండ్ ఎట్లుందో చూడుండ్రి" అని ఇయర్‌ఫోన్లు ఆయన చేతిలో పెట్టాడు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందని నేనడిగితే జవాబు ఆయన వైపు తిరిగి చెప్పాడు. మెమరీ కార్డు ఎంత పెద్దది పడుతుందని అడిగితే అదీ అంతే. చివరికి మా ఆయనే, "నాకేం తెల్వదు భాయ్, కొనేది మేడమ్, మేడమ్‌ను అడుగు" అన్నాడు. అప్పుడతను మొదటిసారి నా మొహం చూసి, "మేడమ్, ఏ కలర్ కావాలి?" అని అడిగాడు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పనిచేస్తాను. ఇతరులు బాగుందన్న దానిలో బాగాలేనిది వెతికి పట్టుకున్నందుకే నాకు జీతం. నల్లది కావాలని చెప్పి, బిల్లు నా పేరు మీద రాయించుకుని, బయటకొచ్చాను. ఇప్పటికీ ఆ దుకాణం ముందు నుంచి వెళ్ళాల్సివస్తే రోడ్డు అవతలి వైపున నడుస్తాను.

డబ్బా మీద నాకున్న ఫిర్యాదులు ముందే చెప్పేస్తాను. ఎందుకంటే దాన్ని ఇంత ప్రేమిస్తున్నదాన్ని గనక దాని తప్పులు దాచాననుకోకూడదు. బరువు. చేతిసంచిలో టిఫిన్ బాక్సు పక్కన వేస్తే భుజం ఆ వైపుకు లాగుతుంది. వేడి. గంటసేపు మోగితే అప్పుడే టీ పోసిన గ్లాసులా వెచ్చబడుతుంది. డిసెంబరు పొద్దుల్లో బాగుంటుంది గానీ మే నెలలో ఏమిటా అని ఇప్పటినుంచే బెంగ. ఇయర్‌ఫోన్ల తీగ చున్నీ అంచుకు చిక్కుకుని క్యాబ్ దిగేటప్పుడు చెవులు లాగేస్తుంది. కొత్త పాటలు వేసిన ప్రతిసారీ కార్డు మొత్తం మొదటినుంచి చదువుకుంటానంటుంది. ఇక అన్నిటికన్నా కోపం తెప్పించింది, తెలుగులో పేర్లు పెట్టిన పాటలన్నీ తెర మీద ఖాళీ డబ్బాల్లాగా కనిపించడం. జపాను అక్షరాలు వస్తాయి, రష్యా అక్షరాలు వస్తాయి, మనవి రావు. కంపెనీకి మెయిలు రాశాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని జవాబొచ్చింది. అభిప్రాయం కాదు, లోపం అని మళ్ళీ రాశాను. అలా రాస్తూనే పోయాను. కొన్ని నెలలకు అప్‌డేట్ వచ్చింది, తెలుగు కనిపించింది. కాకపోతే వత్తులన్నీ అక్షరాల కిందికి వెళ్ళకుండా పక్కన నిలబడ్డాయి. దాని మీద మళ్ళీ రాశాను.

ఇవన్నీ పోను మిగిలింది సుఖం. ఆఫీసు క్యాబ్ ఖాజాగూడ బండల పక్కన ట్రాఫిక్‌లో ఆగిపోతుంది. చుట్టూ హారన్లు. పక్క సీట్లో టీమ్ లీడ్ ఉదయం మీటింగును అప్పుడే మొదలుపెట్టేసి ఉంటాడు. నేను చక్రం రెండు టిక్కులు తిప్పుతాను, అంతే. ఫోనులోనైతే పాట మధ్యలో ఎవరో పిలుస్తారు, బ్యాంకు మెసేజి టింగుమంటుంది, పాలవాడి లెక్క వస్తుంది. డబ్బాకు నన్నెవరూ పిలవలేరు. దానికి నా నంబరే లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా చర్చి సంఘం ఆరాధన మణికొండలో ఒక కాంప్లెక్సు మూడో అంతస్తులో జరుగుతుంది. కింద టిఫిన్ సెంటర్, మధ్యలో ఫిజియోథెరపీ క్లినిక్, పైన మేము. క్వయర్లో, అంటే పాటల బృందంలో, పదహారు, పదిహేడుమందిమి పాడతాం. ఆడవాళ్ళలో పైశ్రుతిలో పాట బాణీ పాడేవాళ్ళు సోప్రానోలు. వాళ్ళ కింద ఒక మెట్టు దిగి వేరే వరస పాడేవాళ్ళం ఆల్టోలం. మగవాళ్ళు కూడా అలాగే రెండు భాగాలు. బాణీ మాది కాదు గనక ఇంటికెళ్ళాక మేం పాడింది ఎవరూ కూనిరాగం తియ్యరు. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా అమ్మ ఆల్టో పాడేది. మా అక్కా ఆల్టోనే. మాది వినబడని గొంతుల వంశం.

మా క్వయర్ మాస్టరు రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాడు. సంగీతం బాగా తెలుసు, కాదనను. కానీ నేను చేరిన కొత్తలో, ఆల్టో కొంచెం పెంచుదామా అని అడిగితే అందరి ముందూ ఆయన అన్న మాట నాకు గుర్తుంది. "ఆల్టో అంటే పప్పుల ఇంగువ లెక్కనమ్మా. ఉన్నా ఎవడు అడగడు, లేకున్నా ఎవడు అడగడు." అందరూ నవ్వారు. ఆయన ఆ మాట ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు. లేకపోతే అడగరన్నది తప్పు కూడా, మా ఇంట్లో అడుగుతారు.

ఈసారి సెమీ క్రిస్మస్ కోసం ఒక కొత్త పాట నాలుగు భాగాల్లో నేర్చుకున్నాం. ఇక్కడి సంఘాల్లో చాలామంది అసలు పండుగకు సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు గనక, డిసెంబరు మొదట్లోనే ఒక క్రిస్మస్ చేసుకుంటాం, అది సెమీ క్రిస్మస్. దానికి ముందే జ్ఞాపకంగా ఉంటుందని కొండాపూర్‌లో ఒక చిన్న స్టూడియోకి వెళ్ళి ఆ పాట రికార్డు చేయించుకున్నాం. స్టూడియో ఆయన పూర్తి ఫైలును లింకుగా మాస్టరు గారికి పంపించాడు. ఆ ఫైలు వాట్సాప్ గ్రూపులో వెయ్యడానికి ఎక్కలేదు, అంత పెద్దది. మాస్టరు గారు ఏంచేశారంటే, పాటను లాప్‌టాప్‌లో మోగించి, దాని ముందు ఫోను పట్టుకుని, వాయిస్ మెసేజిగా రికార్డు చేసి గ్రూపులో వేశారు. రెండో చరణంలో వాళ్ళింటి కుక్కర్ విజిల్ కూడా ఉంది. గ్రూపులో అందరూ నవ్వుకునే బొమ్మలు పెట్టారు, స్తోత్రం స్తోత్రం అన్నారు, తమ తమ ఊళ్ళకు పంపించుకున్నారు. మేం పాడింది ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి మా సంఘం మొత్తానికి ఆధారం ఆ కుక్కర్ పాట ఒక్కటే అయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టరు గారు మమ్మల్నందర్నీ ఆపి చెప్పారు.

"చూసిన్రు కదా రికార్డింగు. సోప్రానో మంచిగొచ్చింది. మగోళ్ళు పర్వాలే. ఆల్టో అసలు వినబడ్తలేదు. అది పెట్టుకొని ఫికర్ చేసుడెందుకు? సెమీ క్రిస్మస్‌కు ఆడోళ్ళందరు ఒక్కటే పాడుండ్రి, బాణీ."

"అంటే ఆల్టో తీసేస్తున్నారా మాస్టర్‌గారూ" అన్నాను.

"తీసుడు కాదమ్మా. కలుపుడు."

ఆల్టోలం నలుగురం. ఇద్దరు చిన్నవాళ్ళు, వాళ్ళు కష్టపడితే పైశ్రుతి అందుకుంటారు. నేను అందుకోలేను. నా పక్కన నిలబడే పెద్దావిడ, నేను అక్కా అని పిలుస్తాను, అసలే అందుకోలేదు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై నార్సింగిలో కూతురి దగ్గర ఉంటోంది. మాది దగ్గర దగ్గర ఊళ్ళే. వారమంతా మనవల్ని బడికి పంపడం, తేవడం. ఆవిడ తనకోసం బయటికొచ్చేది బుధవారం ప్రాక్టీసుకీ ఆదివారం ఆరాధనకీ మాత్రమే. ఆ మాట విన్న వెంటనే ఆవిడ పాటల పుస్తకం సంచిలో పెట్టేసుకుని, చాలా మామూలుగా అంది:

"అంత పైకి నాకు లేవదు అమ్మాయ్. పర్లేదులే. కింద కూచుని వింటాను. ఎవరో ఒకళ్ళు వినాలి కదా."

అంత తేలిగ్గా ఎలా అందో నాకర్థం కాలేదు. నాకైతే మెట్లు దిగుతున్నంతసేపూ చెవుల్లోంచి వేడి పోతోంది. మిగతా అందరినీ నిలబెట్టుకుని ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెడతారట. అదీ కుక్కర్ పక్కన తీసిన రికార్డింగు చూసి.

సోమవారం స్టూడియోకి ఫోను చేశాను. అసలు ఫైలు కావాలన్నాను.

"ఏ ఫార్మాట్ మేడమ్?"

"మీరు ఏ రూపంలో రికార్డు చేశారో అదే. ఏమీ తగ్గించొద్దు."

"మీ గ్రూపులో ఎవరూ అడగలేదు మేడమ్, మీరే ఫస్టు" అని సంతోషంగా కొత్త లింకు పంపించాడు. ఆఫీసు లాప్‌టాప్‌లో యూఎస్‌బీ పనిచేయనివ్వరు గనక సాయంత్రం దాకా ఆగి, ఇంటి లాప్‌టాప్‌లోకి దించి, వేలిగోరంత కార్డు మీదికి ఎక్కించి, ఆ కార్డు సోఫా సందులో పడిపోతే సోఫా తిరగేసి వెతికించి, మొత్తానికి డబ్బాలో వేశాను. అప్పుడే వినేయొచ్చు. వినలేదు. ఇంట్లో టీవీ మోగుతోంది. ఇంత కోపంలో కూడా ఆ మొదటిసారిని పాడు చేసుకోవడం నాకిష్టం లేదు.

మర్నాడు పొద్దున క్యాబ్‌లో, ఖాజాగూడ దగ్గర బండి ఆగాక, విన్నాను.

పాట కంటే ముందు గది వినిపించింది. పదహారుమంది ఊపిరి పట్టుకుని నిలబడ్డ గది. ఎవరో కాగితం తిప్పారు. తర్వాత సోప్రానోలు పైన తెల్లగా తెరుచుకున్నారు, వాళ్ళ కిందే, ఎడమవైపు కొంచెం వెనకగా, మేము. నలుగురం. కలిసిపోయిన ముద్దగా కాదు, విడివిడిగా నలుగురు మనుషులం. నా గొంతు నాకు తెలిసింది. చిన్నవాళ్ళిద్దరిలో ఒకమ్మాయి మాట చివర కాస్త ముందే ఆపేస్తుందని తెలిసింది. అన్నిటికీ అడుగున అక్క గొంతు, వెడల్పుగా, కదలకుండా, ఒక పెద్ద గిన్నె అడుగులాగా. రెండో చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆ ఊపిరి తర్వాతే మేమందరం మొదలుపెట్టాం. ఇన్నేళ్ళుగా ఆవిడ పక్కన నిలబడి, నేను ఎప్పుడు మొదలుపెట్టాలో నాకెలా తెలుస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ ఊపిరిని బట్టి.

మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి అక్క గొంతు ఒక్కటీ పట్టుకుని పాట చివరిదాకా వెళ్ళాను. ఆవిడ స్వరం ఒకచోట మారుతుంది, సోప్రానోలు అక్కడ తమ స్వరం మీదే కదలకుండా నిలబడి ఉంటారు. ఆవిడ కిందికి జరగడం వల్లే ఆ నిలబడ్డ స్వరం ఉన్నట్టుండి దిగులుగా వినబడుతుంది. పాటలో అందరూ బాగుంది బాగుంది అన్న చోటు అదే. ఆ దిగులు సోప్రానోలది కాదు. మాది.

నా కళ్ళలో నీళ్ళు చూసి టీమ్ లీడ్ ల్యాప్‌టాప్ మూసి, "మేడమ్, ఎనీథింగ్ సీరియస్?" అని అడిగాడు.

"చాలా" అన్నాను. అతను ఆరోజు నాకు కొత్త పనేమీ ఇవ్వలేదు.

సాయంత్రం మా ఆయన్ని కూర్చోబెట్టి వినిపించాను. ఆయనది వరంగల్. ఆయన ఏ వస్తువునైనా తేల్చేసే రకం. మొత్తం విని, "ఆల్టో వినబడ్తుంది" అని ఒప్పుకుని, "కానీ ఇదే ఫైలు ఫోన్‌ల పెట్టినా వినబడ్తది. డబ్బా గొప్పేముంది ఇందుల?" అన్నాడు. సరే చూద్దామన్నాను. ఫైలు ఆయన ఫోనులోకి ఎక్కించి బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో విన్నాను. వినబడలేదని చెప్పను. వినబడింది. కానీ గోడ అవతలి నుంచి, నలుగురం ఒకే మనిషిలాగా. అంతలో ఆయన ఆఫీసు కాల్ వచ్చి పాట ఆగిపోయింది.

"చూశారా" అన్నాను.

"అది కాల్ తప్పు. సౌండ్ తప్పు కాదు."

"నాకు రెండూ ఒకటే."

మాస్టరు గారు ఊళ్ళో లేక ఆ బుధవారం ప్రాక్టీసు జరగలేదు. శనివారం నార్సింగి వెళ్ళాను. అక్క వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులు తుడుచుకుని ఇయర్‌ఫోన్లు పెట్టించుకుంది. నేను చక్రం తిప్పుతూ ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను. మొదట్లో ఎవరిదో పాట వింటున్నట్టు తలూపింది. రెండో చరణం దగ్గర తలూపడం ఆగిపోయింది.

"ఆ అడుగునున్న ఆవిడెవరు?"

"మీరే అక్కా."

"ఊరుకో. నా గొంతు అంత లావుగానా ఉంటుంది?"

"లావు కాదు, బలం."

"అంతుంటే మాస్టరు గారికి ఎందుకు వినబడలేదంట?" అని ఇంకోసారి పెట్టించుకుంది. మూడోసారి తనే చక్రం తిప్పింది. అరవయ్యేళ్ళు దాటినావిడ, ఏ బటనూ నేర్పకుండానే చక్రం పట్టుకుంది. తెర మీద వేలు పెట్టి వెతుక్కునే పని లేకపోవడం ఎంత గొప్పదో అప్పుడు చూశాను. చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మాత్రం, "గొడవ చెయ్యకమ్మాయ్. వినిపించు, ఊరుకో" అంది. వినిపిస్తానని మాటిచ్చాను. ఊరుకుంటానని ఇవ్వలేదు.

ఆదివారం ఆరాధన కాగానే మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. అక్క కూడా నా వెనకే వచ్చి నిలబడింది. చుట్టూ క్వయర్ వాళ్ళు ఏడెనిమిది మంది. డబ్బా బయటికి తీసి బటన్ నొక్కాను. తెర వెలగలేదు. మళ్ళీ నొక్కాను. బ్యాగులో పుస్తకాల ఒత్తిడికి పక్క బటన్ నొక్కుకుపోయి, ముందురోజు రాత్రి నుంచీ ఎవరూ వినకుండానే పాడుకుంటూ చార్జింగ్ మొత్తం అవగొట్టుకుంది. బటన్లకు తాళం వేసే సదుపాయం ఒకటుందని, సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాచారని, నాకు అప్పటికి తెలియదు. ఆరోజు మాత్రం ఆ హాలులో ఎవరి దగ్గరా నిజమైన పవర్ బ్యాంక్ లేదు.

మాస్టరు గారు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలో పెట్టి అన్నారు:

"నీ మిషిను కూడ ఆల్టోనే ఉన్నట్టుందమ్మా. వినబడ్తలేదు."

ఈసారి అక్క కూడా నవ్వేసింది. ఆవిణ్ణి తప్పు పట్టను, మాట అలాంటిది. కానీ ఆయన వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి, "బుధవారం నుంచి ఆడోళ్ళందరు బాణీ. యాదికుంచుకోండ్రి" అని మళ్ళీ చెప్పారు. ఆ రెండోసారి చెప్పడం అనవసరం. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

మిగిలింది బుధవారం ఒక్కటే. ఆరోజు ప్రాక్టీసు మొదలైందంటే ఇక ఎవరూ మార్చరు. తాళం సదుపాయం వెతికి పట్టుకున్నాను. చార్జింగ్ నిండుగా పెట్టాను. ఆఫీసులో తలనొప్పి అని చెప్పి తొందరగా బయల్దేరి, మాస్టరు గారు కుర్చీలు సర్దుకునే వేళకే మూడో అంతస్తు ఎక్కాను. హాలులో ఆయనొక్కరే ఉన్నారు.

"ఏందమ్మా, ఇంత జల్దీ వచ్చినవు?"

"ఒక్కసారి వినండి మాస్టర్‌గారూ."

"ఇన్న కదా నేను. ఎన్నిసార్లు ఇంటరు ఒకటే పాట?"

"మీరు లాప్‌టాప్‌లో విన్నారు. దాని స్పీకరు పావలాకాసంత ఉంటుంది. అడుగు గొంతులు దానిలో పట్టవు. మగవాళ్ళవి పరవాలేదన్నారు కదా, వాళ్ళవీ సగం పోయాయి."

ఆయన ఇయర్‌ఫోన్ల వంక చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు. "వేరేటోళ్ళ చెవులల్ల వెట్టినయి నేను వెట్టుకోను. మా ఇంట్ల మా మనవడివి కూడ వెట్టుకోను."

ఇది నేను ఊహించాను. ఇయర్‌ఫోన్ల చివర్లకు తొడిగే రబ్బరు ముక్కలు డబ్బాతోపాటు మూడు సైజుల్లో ఇస్తారు. విప్పని పొట్లం తెచ్చాను. ఆయన ఎదురుగానే పాతవి పీకేసి, పొట్లం చింపి, కొత్తవి తొడిగాను. ఇక ఆయనకు చెప్పుకోవడానికేమీ మిగల్లేదు. కుర్చీలో కూర్చున్నారు, ఒక కుర్చీ ఇంకా చేతిలోనే ఉంది.

"ఎక్కువ సౌండు వెట్టకు."

"మీరే పెట్టుకోండి. ఇదిగో చక్రం."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మనిషి వింటుంటే ఎదురుగా నిలబడి చూడటం పరీక్ష పెట్టినట్టుంటుంది. అయినా చూశాను, కిటికీ అద్దంలో. మొదట కాలు కదిలింది. తర్వాత చేతిలో ఉన్న కుర్చీని కింద పెట్టారు. కుడిచెయ్యి మోకాలి మీద తాళం వెయ్యడం మొదలుపెట్టి, అంతలో తాళం వదిలేసి, గాలిలోకి లేచింది, వేళ్ళు విప్పుకుని, మమ్మల్ని నడిపేటప్పుడు లేచినట్టే. సోప్రానోలకు ఒక సైగ, మగవాళ్ళకు ఒక సైగ. ఆ తర్వాత ఆ చెయ్యి ఎడమవైపు వెనక్కి తిరిగింది, మేం నిలబడే వైపుకు, అక్కడే ఆగింది. పాట అయిపోయాక కూడా కొంచెంసేపు అలాగే ఉంది.

"మళ్ళా వెట్టు."

పెట్టాను.

రెండోసారి అయ్యాక ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆ కింద పట్టి ఉన్నది ఎవరు? నర్సమ్మా?"

"అవును."

"ఊపిరి కూడ వినబడ్తుంది ఆమెది."

"ఆ ఊపిరి మీదే మేమంతా ఎత్తుకుంటాం మాస్టర్‌గారూ."

కింద టిఫిన్ సెంటర్లో పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు వినబడింది. మామూలుగా అయితే ఇక్కడ నేనొక మాట అనేదాన్ని. ఇంగువ మాట నోటిదాకా వచ్చింది. అక్క మొహం గుర్తొచ్చి మింగేశాను. దాచుకున్నాను, అంతే.

"మీరు గ్రూపులో రాయాలి" అన్నాను. "ఆల్టో వినబడ్డంలేదన్న మాట అందరి ముందూ అన్నారు. ఆల్టో ఉందన్న మాట కూడా అందరి ముందూ అనాలి."

"ఇడువవు గదా నువ్వు."

"విడవను."

ఆయన ఫోను తీశారు. కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు టైపు చేశారు. గ్రూపులో టింగుమంది. 'నాలుగు భాగాలు ఎప్పటిలెక్కనే. ఆల్టోలు అందరు రావాలె.' అంతే. క్షమాపణ లేదు, కారణం లేదు, కుక్కర్ ఊసు లేదు. దాని మీద ఇంకో మాట అడగబోయాను గానీ అప్పటికే మెట్ల మీద మనుషుల చప్పుడు.

కూర్చుని విందామని బయల్దేరిన అక్క ఆ మెసేజి ఆటోలోనే చూసుకుందట. వచ్చి నా పక్కన నిలబడి పాటల పుస్తకం తెరిచింది. చిన్నవాళ్ళిద్దరూ, "అక్కా, ఏంచేశారు మీరు? మాస్టరు గారు మారడమేంటి?" అని గుసగుసగా అడుగుతూనే ఉన్నారు. "రబ్బరు ముక్కలు మార్చాను" అన్నాను. వాళ్ళకేం అర్థమవుతుంది.

మాస్టరు గారు కీబోర్డు మీద శ్రుతి ఇచ్చారు. మొదటి చరణం మామూలుగానే గడిచింది. సోప్రానోలు ఎప్పటిలాగే తమ శక్తికొద్దీ పాడారు. ఒకావిడ మరీనూ, హాలు మొత్తం తనకే ఇచ్చేశారన్నట్టు. రెండో చరణం రాబోతోంది. నా పక్కన అక్క ఊపిరి తీసుకుంది. ఈసారి దాన్ని కావాలని విన్నాను. మేం నలుగురం దాని మీద ఎత్తుకున్నాం. సరిగ్గా దిగులు మొదలయ్యే చోటికి రాగానే మాస్టరు గారు రెండు చేతులూ పైకెత్తి పాట ఆపేశారు.

ఎవరో తప్పు పాడారనుకున్నాం. అందరం పుస్తకాల్లోకి చూసుకున్నాం.

ఆయన మా వైపు చూడలేదు. సోప్రానోల వైపు తిరిగి, అరచెయ్యి కిందికి ఆడిస్తూ అన్నారు:

"జర తగ్గుండ్రమ్మా మీరు. ఆల్టో వినవడాలె."